మిగిలినది యెవరిది?

పెండ్లి ముగిసిన యింటను, పండుగ గడచిన యింటను, బడి సంవత్సరము తీరిన యింటను ఒక మూల కొంత కాగితము మిగిలియుండును. పసుపు పూసిన శుభలేఖలు, కానుకలకు చుట్టిన రంగుకాగితములు, సగము వ్రాసిన నోటుపుస్తకములు, అట్టముక్కలు, జరీదారపు తునుకలు, ఎండిపోవుటకు సిద్ధముగా నున్న జిగురుసీసా. ఇంటి యజమాని వీనిని పారవేయుమనును. ముసలమ్మ దాచుమనును. బాలిక కత్తెర తీసికొని కూర్చుండి, వీనిని కత్తిరించి యతికించి, ఒక పుటగానో పువ్వుగానో బొమ్మగానో చేయును. ఈ మూడవ పనిని నేడు లోకము మిక్కిలి మెచ్చుకొనుచున్నది. పొదుపని కొందఱు, కళయని కొందఱు, భూమికి మేలని కొందఱు ప్రశంసించుచున్నారు. ఈ ప్రశంసలతో మాకు పేచీ లేదు. కాని వీనికి ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది. మిగిలినదని చేతికి తీసికొన్న ఆ వస్తువు నిజముగా మిగిలినదేనా? మిగిలినచో అది యెవరిది?

వంటయింటిలో ఈ ప్రశ్న యెన్నడో తేలిపోయినది. అన్నము విషయమున ఏ యిల్లాలును 'మిగిలినది' యను మాటను తొందరపడి యనదు. ఇంకను తినవలసినవారున్నారా యని చూచును. ఊరినుండి రావలసినవారి నెంచును. రేపటి చద్దికెంత, వాకిట నిలిచినవారికెంత యని యోచించి, అటుపిమ్మటనే దానికొక దారి చూపును. కాగితము విషయమున మనకట్టి విచారణ లేదు. మన పని తీరగానే దాని పని తీరినదనుకొందుము.

ఈ సంగతిని గాలిలో విచారించుట కంటె ఒక చోట నిలిచి విచారించుట మేలు. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణముగా, చాంద్రాయణగుట్టకు చేరువను బార్కస్ అను పేట గలదు. నిజాము కొలువులోని అరబ్బు సైనికులు బసచేసిన బ్యారక్సు జనుల నాలుకపై నరిగి బార్కస్ అయినది. ఆ సైనికులు యెమెన్ దేశపు హద్రమౌత్ సీమనుండి వచ్చినవారు. వారి మనుమలును మునిమనుమలును నేటికిని అచ్చటనే కాపురమున్నారు. లుంగీ కట్టుదురు, హరీసు వండుదురు, ఇంట ఉర్దూ మాటాడుదురు. జామపండ్లకు ఆ పేట పేరుపడినది. పెండ్లి యాహ్వానపత్రికను పాతబస్తీలో రుక్కా యందురు. దారుల్ షిఫాకు చెంతనున్న ఛత్తా బజారు ఈ రుక్కాల ముద్రణకు పేరుమోసిన వీధి. అచ్చటి కోతయంత్రముల క్రింద మందపాటి అట్టల యంచులు, బంగారుపూత పేలికలు రాలుచుండును. వీనిని ఉర్దూలో కత్రన్ అందురు. బొమ్మలు చేయు పిల్లలకు ఇంతకంటె ధనమేమున్నది!

కత్రన్ విషయమున చిక్కు లేదు. దానిమీద ఎవరును ఏమియు వ్రాయలేదు, ఎవరికిని ఉద్దేశింపబడలేదు. చిక్కు రుక్కాతోనే మొదలగును. దాని పైభాగమున దైవనామమో, దానికి బదులు 786 అను అంకెయో యుండును. హిందువుల శుభలేఖపై వినాయకుడుండును. కాలికి కాగితము తగిలినచో కన్నులకద్దుకొనుట మన పిల్లలకు మాటలతోపాటు వచ్చు అలవాటు. ముస్లిముల యిండ్లలో దైవనామము గల కాగితమును చెత్తలో వేయరు. వేరుగా దాచి, శుభ్రమైన చోట పూడ్చుటయో, పారునీట విడుచుటయో చేయుదురు. ఇదియంతయు మూఢాచారమని నవ్వు సంస్కర్తలున్నారు. మేము నవ్వము. కాగితమున దేవత యున్నదా లేదా యను చర్చ యటుండనిండు. నాకు అక్కఱ తీరినంతమాత్రమున ఒక వస్తువు పూర్తిగా నాదైపోదని ఆ యలవాటు పిల్లవానికి నేర్పుచున్నది. పేరును రెండుగా కోయకుండ కత్తెరను కొంచెము ప్రక్కకు త్రిప్పిన బాలిక, తాను ముక్కలు చేయుచున్నది ఒకరి మాటయని యెఱిగినది.

ఇక తెల్లగా నున్న రెండవవైపు. ఒక ప్రక్క మాత్రమే అచ్చయిన కాగితము మిగులు కాదు. సగము పని మిగిలిన కాగితము. దానితో పువ్వులు చేయుటకు ముందు ఎక్కము వ్రాయవలసిన పిల్లవాడెవడైన నున్నాడేమో చూడవలెను. నోటుపుస్తకములు కొనలేని యిల్లు మన వీధిలోనే యుండవచ్చును. మా చిన్ననాట వ్రాయని పుటలనన్నిటిని చింపి, దబ్బనముతో కుట్టి, చిత్తుపుస్తకము చేసెడివారు. ఆ చిత్తు నిండిన పిమ్మట అంగడికి పోయి పకోడీల పొట్లమయ్యెడిది. పకోడీలు తిని, నూనె మఱకల నడుమ ఎవరిదో ప్రశ్నపత్రమును తుదివఱకు చదువని తెలుగువాడు లేడని మా నమ్మకము. ఆ వరుసలో ప్రతి దశయందును కాగితము ఎవరికో యొకరికి కావలసినదే. ఎవరును దానిని మిగులని యనలేదు.

నిజమునకు కాగితమే మిగులు నుండి పుట్టినది. క్రీ.శ. 105లో చీనాదేశపు త్సాయ్ లున్ చెట్టుబెరడును, నారను, చింకి గుడ్డలను, పాత చేపలవలలను నానవేసి దంచి కాగితము చేసెనని చెప్పుదురు. యూరపులో పందొమ్మిదవ శతాబ్దపు నడిమి వఱకు కాగితమునకు ప్రాణము పీలికలే. మన దక్కనులో దౌలతాబాదు చెంతనున్న కాగజీపురాలోను, తెలంగాణములో కోరుట్లలోను కాగజీల కుటుంబములు చేతితో కాగితము చేసెడివి. కోరుట్ల కాగితము పట్వారీల లెక్కలకెక్కినది. అట్టి కాగితమును చింపి పారవేయుటకు ఎవరికి చేయి వచ్చును? తరువాత కొయ్యగుజ్జుతోను వెదురుతోను యంత్రములు కాగితము చేయసాగినవి. 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు వలన ఒక ఊరికే కాగజ్‌నగర్ అని పేరు వచ్చినది. 2014లో ఆ మిల్లు మూతపడగా ఊరు ఉస్సురుమన్నది. 2018లో మరల తెఱువబడినది. యంత్రముల వలన కాగితము చవుకయైనది. చవుకయైనందున బీదవాని బిడ్డకు పుస్తకము వచ్చినది, అది మహోపకారము. చవుకయైనందుననే పాఱవేయుట అలవాటైనది. ఈ రెండును ఒక్క చెట్టు కాయలే.

అతికించుట బాలికల ఆటయని చులకన చేయువారికొక మాట. దక్కను సుల్తానుల కొలువులలోను, మొగలాయిల కొలువులోను ముఱక్కా యను చిత్రసంపుటములుండెను. ఒకరి దస్తూరీ, వేఱొకరి చిత్తరువు, మఱియొకరు తీర్చిన అంచు, ఇవి యన్నియు ఒక్క పుటమీద నతుకబడెడివి. పుట కొలతకు సరిపడుటకు పాత చిత్రముల యంచులను కోసిన సందర్భములును కలవు. చిక్కని నీటిపై రంగులు తేల్చి, కాగితము పఱచి యెత్తిన అబ్రీ కాగితమునకు బిజాపురము ప్రసిద్ధి చెందినది. ఆ మేఘవర్ణములతోనే పదునేడవ శతాబ్దమున అచ్చటి చిత్రకారులు ఎముకలు తేలిన గుఱ్ఱములను తీర్చిరి. అట్టి పుటలిప్పుడు పెద్ద ప్రదర్శనశాలలలో గాజుపలకల వెనుకనున్నవి. సుల్తాను అతికించిన కళ. చిన్నది అతికించిన కాలక్షేపము! పనిని చూచి పేరు పెట్టుటయా, చేసినవారిని చూచి పేరు పెట్టుటయా? మన విమర్శకులు దీనిని కొంచెము తేల్చుకొనవలసియున్నది.

మిగులును మెచ్చుకొను కాలమున మిగులునే అమ్ముకొను వర్తకము పుట్టుట ఆశ్చర్యము కాదు. 1873లోనే అమెరికా రచయిత మార్క్ ట్వేన్ జిగురు ముందుగా పూసియుంచిన అతుకుపుస్తకమునకు పేటెంటు పొంది సొమ్ము గడించెను. ఆయన పుస్తకము కొన్నవాడు కనీసము అతికించునది తన యింటిదే తెచ్చుకొనెడివాడు. నేటి యంగడిలో పాతదానివలె కనబడునట్లు అచ్చువేసిన కొత్త కాగితము, ఎవరును వ్రాయని ఉత్తరము, ఏ ఊరును దాటని తపాలాముద్ర, అన్నియు సంచిలో కట్టి అమ్మబడుచున్నవి. బడులలో 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' అను పోటీ యొకటి వెలసినది. దాని ముందటి రాత్రి తొమ్మిది గంటలకు తండ్రి థర్మోకోలు పలకకును, మెఱుపుల పొడికిని అంగడులు తిరుగుచుండుటను చదువరులందఱును చూచియే యుందురు. తల్లి నిద్ర మాని అతికించును. బిడ్డకు బహుమతి వచ్చును. మఱునాడు ఆ వస్తువు చెత్తబండి యెక్కును. ఇందులో మిగులేది? కొనివచ్చినది మిగులు కానేరదు. పైగా కాగితమైనచో మరల గుజ్జగును. దానిపై జిగురు, మెఱుపు, ప్లాస్టిక్ పొర కలిపి మనము చేసినదానిని రద్దీవాడును తీసికొనడు. అతనికి దక్కవలసిన నాలుగు కాసులను చెడగొట్టి, భూమాతకు సేవ చేసితిమని చప్పట్లు కొట్టుకొనుచున్నాము.

మిగులుతో పనిచేయుటలోని గుణము వేఱు. అంగడిలో మన కోరిక ముందు, వస్తువు వెనుక. మిగులులో వస్తువు ముందు. ఉన్న నీలపుముక్క యింతే. ఆకాశమంతయు దీనితో కాదు, కిటికీలో కనబడు ఆకాశమగును. అప్పుడు బాలిక కిటికీని కల్పించును. ఆంగ్లదేశమున మేరీ డిలేనీ యను వృద్ధురాలు డెబ్బదియేండ్లు దాటిన పిదప, తన చేతనున్న ఎఱ్ఱకాగితపు ముక్కయు ఎదుటి జెరేనియము పూరేకును ఒక్క వన్నెతో నుండుట గమనించి, 1772 మొదలు పదియేండ్లలో సుమారు వేయి పుష్పములను కాగితపు తునుకలతో కూర్చెను. కన్ను మందగించిన పిమ్మటనే మానినది. ఆమె సంపన్నుల యింటి స్త్రీ. కావలసినంత తీరిక గలది. దానిని మఱువరాదు.

ఈ తీరిక యను మాట యొద్ద మేము కొంచెము నిలువవలసియున్నది. కాగితముకంటె పెద్ద సంగతి యిచ్చటనే యున్నది. మన యిండ్లలో ఆఁడుదాని కాలమును మనము మిగులుగానే చూచుచున్నాము. పురుషుని కాలము పనికై యేర్పడినది. ఆమె కాలము ఇతరుల పనులు తీరగా మిగిలినది, కావున ఎవరికి కావలసిన అది వారిది. చివర తినునది యామె, చివర కూర్చుండునది యామె. పెండ్లిచూపులలో 'పిల్లకు కుట్లు, అల్లికలు వచ్చును' అని చెప్పుట నిన్నటివఱకు చదువునకు బదులు చెప్పిన మాట. కాగితపు పువ్వులను మెచ్చుకొని పదవతరగతి మాన్పించు తండ్రి ఏ మతమునందైనను, ఏ పేటయందైనను ఉన్నాడు. బార్కసులోనే కాదు, బంజారాకొండలలోను ఉన్నాడు. ఆ మెప్పు కానుకచుట్టు కాగితము వంటిది. లోపల నేమియు లేదు. కన్యలకు విద్య కావలెనని కందుకూరి వీరేశలింగముగారు 1883లో సతీహితబోధినిని నెలకొల్పిరి. నూటనలువది యేండ్లు దాటిన పిదపను చేతిపనిని చదువునకు ప్రత్యామ్నాయముగా చూపువానితో మేము రాజీపడజాలము.

అట్లని కత్తెరను లాగికొనుమని మా మతము కాదు. కొందఱు సంస్కారప్రియులు ఆ పొరపాటు చేయుచున్నారు. బొమ్మ మాని లెక్కలు చేయుమందురు. ఇంటిలో ఆ పిల్ల యిష్టముతో జరుగు పని యేది? కూర యేదో ఆమె నిర్ణయించదు. చీర రంగు ఆమె నిర్ణయించదు. పెండ్లి సంగతి చెప్పనక్కఱలేదు. ఈ చిన్న అట్టమీద మాత్రము తాతయ్య చిత్తరువు ప్రక్కన ఏ రంగుండవలెనో, అత్తవారింటినుండి వచ్చిన శుభలేఖ ముక్క ఏ మూలకు పోవలెనో ఆమెయే నిర్ణయించును. ఆ గంట ఎవరికిని మిగిలినది కాదు, ఆమెది. దానిని పొదుపని మెచ్చుకొనుట కూడ మాకు సరిపడదు. పొదుపనగా ఇంటికేదో లాభము చేకూరవలెను గదా! ఇంటికి లాభము లేకున్నను ఆ గంట ఆమెకు చెందవలసినదే.

వస్తువును, కాలమును అటుండనిచ్చి మనుష్యుల సంగతికి వత్తము. బార్కసు ప్రజలను చరిత్ర యొకమాఱు మిగులని నిర్ణయించినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాము ప్రభుత్వము పోయెను. ఆ కొలువును నమ్ముకొన్న అరబ్బు పటాలము చెదరినది. కొందఱు యెమెనుకు పంపివేయబడిరి. తక్కినవారు, సైన్యము లేని బ్యారక్సులో, జీతము లేని సిపాయిలు. వారిని తెచ్చిన రాజ్యమునకు వారితో పని తీరినది. వారి పని మాత్రము తీరలేదు. తోటలు వేసిరి, అంగడులు పెట్టిరి, పిమ్మట గల్ఫు దేశములకు పోయి సంపాదించిరి. ఇరువదవ శతాబ్దపు రెండవ సగమున ఆ యిండ్లకు తాతలు విడిచివచ్చిన సముద్రముల మీదుగానే మనుమల యుత్తరములు రాసాగినవి.

ఆ యుత్తరముల మీది బిళ్లలనే చూడుడు. హద్రమౌత్ తీరమున ముకల్లాను ఏలిన ఖుఐతీ వంశము నిజాము కొలువున జమేదారులుగా నున్న కుటుంబమే. ఆ రాజ్యము పేరిట 1942లో తపాలాబిళ్లలు వెలువడినవి. 1967లో ఆ రాజ్యము లేకపోయినది. నిజాము రాజ్యపు బిళ్లలు 1869లో మొదలైనవి. అవియు హైదరాబాదు భారతదేశమున కలిసిన పిదప నిలిచిపోయినవి. రెండు రాజ్యములును పోగా, గోరంత బిళ్లలు రెండు ఒక చిన్నదాని పుటమీద ప్రక్కప్రక్కను మిగులవచ్చును. అది అలంకారమా, సాక్ష్యమా?

సాక్ష్యమేయని మేమందుము. తమను గూర్చి వ్రాయువారు లేనివారు తునుకలు కూర్చుకొనుటయే చరిత్ర వ్రాయుట. ఫిలడెల్ఫియాలో విలియం హెన్రీ డార్సీ యను నల్లజాతి పౌరుడు పత్రికలనుండి తనవారి సంగతులను కత్తిరించి సుమారు 400 అతుకుపుస్తకములు నింపెను. స్త్రీలకు ప్రజ్ఞ లేదన్నవారికి భండారు అచ్చమాంబగారు 1901లో అబలాసచ్చరిత్రరత్నమాలతో బదులు చెప్పిరి. ఆ రత్నములు ఏరి కూర్చినవే. తెలంగాణమున కవులు పూజ్యమన్నవారికి సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ఎదుట నుంచిరి. లేదన్నవాని నోరు మూయించుటకు ఉన్నదానిని ఒక చోట చేర్చుటకంటె మంచి మార్గమును మేమెఱుగము.

సాక్ష్యమైనప్పుడు దానికి తగిన జాగ్రత్త కావలెను. మైదాజిగురు చవుక, కాని రామబాణపు పురుగునకు విందుభోజనము. పూర్వము పుస్తకములు కట్టువారు జిగురులో మైలతుత్తము కలిపెడివారు; అది విషము, పిల్లలున్న యింట దాని జోలికి పోరాదు. ఉత్తరమునకును, చిత్తరువునకును, బిళ్లకును అసలు జిగురే పూయరాదు; కాగితపు మూలలు మడిచి అతికించి, వానిలో దూర్చిన చాలును. రేపెవరైన వెనుకవైపు చదువగోరినచో తీయవచ్చును. వార్తాపత్రిక తునుక పసుపుపచ్చబాఱి పెళుసగును. చిత్తరువునకు తాకునట్లు దానిని పెట్టరాదు. పుట క్రింద ఎవరు, ఎప్పుడు, ఎచ్చట అను మూడు మాటలు వ్రాయుట అన్నిటికంటె ముఖ్యము. మా యెఱుకలో ఎన్నియో యిండ్లలో అందమైన పుటలున్నవి. అందులోనివారి పేర్లు చెప్పగలవారు లేరు.

అన్నిటికంటె కఠినమైన సందర్భమొకటి మిగిలినది. పెట్టె యడుగున అరబ్బీలో వ్రాసిన పాత యుత్తరము దొరకును. సిరా గోధుమవన్నెకు తిరిగి, వంపులు తీగలవలె అల్లుకొని, చూచుటకు ఎంతో సొగసుగా నుండును. ముత్తాతకు ముకల్లానుండియో, సెయ్యూనునుండియో ఎవరో వ్రాసినది. ఆ పిల్లకు బడిలో ఆంగ్లము, ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. కురాను పారాయణమునకు అక్షరములు నేర్చినది గాని, ఉత్తరపు భాష అర్థము కాదు. ఆమెకది అంచుకు తగిన చక్కని అల్లిక. కత్తిరించినచో పుట వెలిగిపోవును. ఆ యల్లికలో ఒక తల్లి మరణవార్త యుండవచ్చును, తీర్చవలసిన బాకీ యుండవచ్చును, రమ్మను పిలుపుండవచ్చును. ఇట్టి లేఖలు తెలుగిండ్లలోను లేకపోలేదు. గొలుసుకట్టు వ్రాతతో నున్న తాతలనాటి దస్తావేజులను, మోడీలిపి కాగితములను మనవారు చెదలకు విడిచిపెట్టుచున్నారు. చదువరాని వ్రాత మిగులు కాదు. అది చదువువాని కొఱకు ఎదురుచూచుచున్నది.

బార్కసులో అరబ్బీ ఉత్తరము చదువగల పెద్దలు నేటికిని కొందఱున్నారు; ఏటేట తగ్గుచున్నారు. ఆ పిల్ల లేఖను చేతబట్టుకొని అట్టి తాతయ్య యొద్దకు పోయి, 'దాదా, ఇందులో ఏమున్నది?' అని యడుగవలెను. ఆయన అద్దములు సవరించుకొని మెల్లగా చదివి చెప్పుచుండగా, ఆమె తనకు వచ్చిన భాషలో ఛత్తా బజారు కత్రన్ ముక్క వెనుకవైపున దానిని వ్రాసికొనును. ఆ ముక్క లేఖ ప్రక్కను పుట కెక్కును. కత్తెర పని మఱునాటికి వాయిదా పడును.